అత్త కమ్మలు, హీరో జోలె

ముందే ఒక మాట చెప్పుకుంటాను. ఇది చదివి మీరు నన్ను మూర్ఖుడంటే నాకు కోపం రాదు. మా ఆవిడ కాపురానికి వచ్చిన నాటి నుంచి అంటూనే ఉంది, అలవాటైపోయింది. "దానకర్ణుడు" అని మాత్రం అనకండి. ఒక రెండు రోజుల పాటు కర్నూలు జిల్లాలో సగం జనం నన్ను ఆ మాటే అన్నారు. ఆ రెండు రోజుల్లోనే నేను నా ఇంటి పరువు నా చేతులతో తీసి, అందరూ చప్పట్లు కొడుతుండగా జోలెలో వేశాను.

"అత్త సొమ్ము అల్లుడు దానం" అనే సామెత మీరు వినే ఉంటారు. మీరు విన్నారు, నేను చేశాను. తేడా అంతే.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. ఎమ్మిగనూరులో మగ్గం నేసేవాణ్ణి. కాళ్లు మగ్గం గుంతలో, మనసు టూరింగ్ టాకీసు డేరాలో. మా హీరో పేరు చెప్పను. ఎవరి హీరో వాళ్లకుంటాడు, మీవాణ్ణే అనుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఆయన జుట్టు నుదుటి మీద ఒక వంక తిరిగి ఉండేది. నాకూ ఆ వంక కావాలి. నా జుట్టేమో ఎండిన జొన్నచొప్ప. ఆముదం పోసి బలవంతంగా వంక తిప్పితే ఎండకు కరిగి ముక్కు మీదికి జారేది. నేస్తున్న చీర మీద ఆముదం చుక్క పడిన రోజున మా నాయన మగ్గంలో దారం నడిపే నాడె తీసుకుని నా మీదికి విసిరాడు. నేను హీరోలాగా పక్కకు తప్పుకున్నాను. అది పోయి కుండకు తగిలింది.

నాలాంటివాడే నా జతగాడు ఖాదర్. జట్కా తోలేవాడు. గుర్రానికి హీరోయిన్ పేరు పెట్టుకున్నాడు. వాడు దాన్ని కొట్టడు, తిట్టడు, బతిమాలుతాడు. అందుకే వాడి జట్కా ఏనాడూ వేళకు చేరింది లేదు.

ఆ ఏడు కరువు. బావుల అడుగున నాపరాళ్లు కనిపించేవి. గంజి కేంద్రాల ముందు సత్తు గిన్నెలు పట్టుకుని జనం పొద్దున్నుంచి వరసలో నిలబడేవాళ్లు. నేసిన చీరలు కొనేవాళ్లు లేక మడతల్లోనే ఉండిపోయేవి. అటువంటి రోజుల్లో సినిమావాళ్లు లారీల మీద ఊరూరా తిరిగి, జోలె పట్టి, కరువు సీమకు సాయం అడుగుతున్నారని కబురొచ్చింది. ఆదోనికి మా హీరో వస్తున్నాడట.

సరిగ్గా అప్పుడే మా అత్త సుంకులమ్మ మా ఇంట్లో ఉంది. మా ఆవిడ గౌరమ్మకు ఏడో నెల. వారంలో సీమంతం. కోసిగి పక్కన పల్లె మా అత్తది. ఎద్దులకు మేత కోసం, ఇంట్లో జొన్నల కోసం ఒంటి మీది బంగారమంతా అమ్మేసింది. వాళ్లమ్మ ఇచ్చిన చెవి కమ్మలు మాత్రం అమ్మలేదు. వాటిలో ఒకదాని మర అరిగిపోయింది. ఆదోనిలో ఆచారి దగ్గర కొత్త మర వేయించుకురావాలి. ఆ కాలంలో మా వైపు అత్తలు అల్లుళ్లకు ఎదురుపడి మాట్లాడేవాళ్లు కాదు. అందుకని తలుపు చాటు నుంచి ఆమె చెప్పడం, గౌరమ్మ వచ్చి కమ్మల పొట్లం నా చొక్కా జేబులో పెట్టడం జరిగింది.

"దోవలో యాడా నిలబడొద్దు," అంది గౌరమ్మ. "ఆచారి చేతికే ఇయ్యి."

"ఇంగెవరికిస్తానే," అన్నాను.

చూశారా, ఎంత నమ్మకంగా అన్నానో.

ఆదోని బజారులో చీమ దూరే సందు లేదు. ఖాదర్ నా భుజం పట్టుకుని లాక్కుపోతున్నాడు. "ఆచారి యాడికీ పోడప్పా, కొలిమి కాడే ఉంటాడు. హీరో మళ్ల వస్తాడా?" అన్నాడు. వాడి మాటలో న్యాయం కనిపించింది. లారీ రానే వచ్చింది. మీద తెల్ల బట్టల్లో ఆయన. సినిమాలో కంటే ఎర్రగా ఉన్నాడు, ఎండకు మరీ ఎర్రబడ్డాడు. నలుగురు మనుషులు దుప్పటి నాలుగు కొసలూ పట్టుకుని లారీ పక్కన నడుస్తున్నారు. జనం అణాలు, బేడలు విసురుతున్నారు. ఖాదర్ ఉన్నదంతా వేసేసి, చాలక బీడీల కట్ట కూడా వేశాడు.

లారీ మా ముందు ఆగింది. ఆయన వంగాడు. నా నుదుటి మీది ఆముదం వంక చూశాడో ఏమో, చిన్నగా నవ్వి చెయ్యి చాచాడు.

"తమ్ముడూ," అన్నాడు.

అంతే. నా మీద ఒట్టు, ఒక్క మాటే. నా చెయ్యి జేబులోకి పోయింది. ఏదో ఒకటి తగిలింది. తీసి ఆయన చేతిలో పెట్టింది. చెయ్యి నాదే, కాదనను. ఆ క్షణాన దాన్ని నడిపించినవాడెవడో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆయన పొట్లం విప్పాడు. ఎండలో కమ్మలు తళుక్కుమన్నాయి. పక్కన మైకు పట్టుకున్నాయన గొంతు పెంచాడు.

"చూడండి సోదరులారా, ఒక పేద నేత కార్మికుడు తన ఇంటి బంగారం ఇచ్చాడు. నీ పేరేంటి నాయనా?"

"ఈరన్న."

"శ్రీ వీరన్న గారు. దానకర్ణుడు వీరన్న గారు."

హీరో తన మెడలో బంతిపూల దండ తీసి నా మెడలో వేశాడు. జనం నన్ను పైకెత్తారు. ఆ ఎత్తు మీద నాకు ఆకాశం కనిపించింది, హీరో కనిపించాడు, దూరంగా ఆచారి అంగడి కూడా కనిపించింది. అప్పుడు గుర్తొచ్చింది.

"ఖాదర్, దించమని చెప్పురా," అన్నాను.

"ఉండప్పా, ఇంగ జనమంలో దొరకదు ఇది," అన్నాడు వాడు కింద నుంచి.

దించేసరికి లారీ పత్తికొండ దారి పట్టి వెళ్లిపోయింది. విషయం చెప్పాను. ఖాదర్ "యా అల్లా" అన్నాడు. కాసేపటికి, "ఆ దండైనా అత్తకు ఇస్తావా ఏంది?" అన్నాడు. దండ విప్పి వాడి గుర్రానికి పెట్టాను. హీరోయిన్ కదా, హీరో దండను ఇష్టంగా నమిలేసింది.

ఇంటికి పోగానే గౌరమ్మ అడిగింది.

"కమ్మలిచ్చొచ్చినావా?"

"ఇచ్చొచ్చినా."

ఇందులో అబద్ధం ఉందా, మీరే చెప్పండి.

"మళ్ల ఎప్పుడిస్తాడంట?"

"అది చెప్పలేదు."

"నమ్మకమైన మనిషేనా?"

"శానా పెద్దమనిషి. అందరికీ తెలిసినోడే."

తలుపు చాటు నుంచి అత్త గొంతు వచ్చింది. "సీమంతం నాటికి నా చెవులు బోసిగా ఉండకుండా చూడమని చెప్పే గౌరీ."

తింటున్న అన్నం సగంలో వదిలేసి లేచాను.

తెల్లవారి మా హీరో కర్నూలులో ఉంటాడని తెలుసు. పోయి ఉన్నమాట చెప్పి కమ్మలు వెనక్కి అడుక్కుందామనుకున్నాను. కరువు జోలెలో వేసింది ఉత్త చేతులతో వెనక్కి అడగడానికి ముఖం చెల్లలేదు. బదులు ఏదైనా ఇవ్వాలి కదా. ఇంట్లో విలువైనదంటే ఒక్కటే ఉంది. సీమంతానికని గౌరమ్మ కోసం నేనే నెల రోజులు నేసిన చీర. మామిడిపిందెల అంచు, కందిపప్పు రంగు. అది నేసినన్నాళ్లు నేను తలకు ఆముదం కూడా రాయలేదు. పెట్టెలో నుంచి దాన్ని తీసి చంకలో పెట్టుకుని, "ఆచారి కాడికి పోతాండా" అని చెప్పి కర్నూలు బస్సెక్కాను. ఒక తప్పును కడగడానికి ఇంకో తప్పును చంకలో పెట్టుకుపోయే మొనగాణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటాను.

కర్నూలులో లారీ కాదు, పెద్ద మైదానంలో ఏకంగా వేదికే కట్టారు. జెండా గుర్తు పెట్టుకున్న ఒక కార్యకర్త దొరికాడు.

"సామీ, నిన్న ఆదోనిలో ఒక పొరపాటైంది," అన్నాను.

"ఏం పొరపాటప్పా?"

"కమ్మలు..."

"నువ్వా ఆ కమ్మలిచ్చినోడివి?" అంటూ నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "పొద్దున్నుంచి నీ మాటే చెప్తాండారు మైకులో. రా, రా."

"అది కాదు సామీ, నేను చెప్పేది..."

ఎవరు వింటారు? నన్ను మెట్ల మీదికి తోశారు. హీరో నన్ను గుర్తుపట్టాడు. భుజం మీద చెయ్యి వేసి మైకు దగ్గరకు తీసుకుపోయాడు. "నిన్న నేను చెప్పిన తమ్ముడు ఇతడే," అన్నాడు. మైదానమంతా చప్పట్లు.

నిజం చెప్పాలనే నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడు వేదిక ముందు ఒక ముసలామె కనిపించింది. పక్కన సత్తు గిన్నె పెట్టుకుని కింద కూర్చుని, కాలి వేలి నుంచి వెండి మట్టె లాగుతోంది. అది రావడం లేదు. ఉమ్ము రాసి తిప్పుతోంది. నన్నే చూస్తోంది. నన్ను చూసే తీస్తోంది.

ఆమె ముందర "నా బంగారం నాకియ్యండి" అని ఎట్లా అంటాను? చీర తీసి హీరో ముందు పెట్టాను. కమ్మల మాట ఎత్తకుండా, ఆయనకు మాత్రం అర్థమయ్యేటట్టు చెబుదామని తెలివి చేశాను.

"అది కాదు సామీ," అన్నాను, "ఇది తీసుకోండి."

అది వద్దు, దాని బదులు ఇది అని నా భావం. మైకు నా మాటను మైదానమంతా మోసింది. హీరో కళ్లలో నీళ్లు తిరిగాయి.

"విన్నారా," అన్నాడు ఆయన జనంతో. "నిన్న ఇచ్చింది ఒక లెక్క కాదంటున్నాడు. ఇది కూడా తీసుకోమంటున్నాడు."

మళ్లీ దండ. ఈసారి మల్లెలది. ముసలామె మట్టె ఊడివచ్చింది.

తిరిగొచ్చేసరికి మా వీధి వీధంతా మా గడప ముందు ఉంది. నాకంటే ముందు బస్సులో ఎవరో వచ్చి అంతా చెప్పేశారు. "దానకర్ణుడొచ్చె" అని పిల్లలు అరిచారు. గౌరమ్మ గడపలో నిలబడి ఉంది. నా మెడలోని మల్లెల దండ చూసింది, ఖాళీ చంక చూసింది.

"నా చీర గూడానా?" అంది.

నేను తల ఊపాను. ఆమె లోపలికి పోయి తలుపు దగ్గరకు వేసింది. తిట్టి ఉంటే బాగుండేది. జనం ఒక్కొక్కరే వెళ్లిపోయారు. నేను అరుగు మీద, మెడలో దండతో, పెళ్లి తప్పిపోయిన పెళ్లికొడుకులాగా కూర్చున్నాను.

తలుపు తెరుచుకుంది. మా అత్త బయటకు వచ్చింది. పెళ్లయిన తర్వాత మొదటిసారి నా ఎదురుగా నిలబడింది. చెవుల రంధ్రాలు పూడుకుపోకుండా వేపపుల్లలు పెట్టుకుని ఉంది. నేను లేచి ఆమె కాళ్ల మీద పడబోయాను.

"పడొద్దులే," అంది. "ఇచ్చింది తప్పు గాదప్పా. కరువుకే గదా ఇచ్చినావు. నా ఊర్లో గంజి గూడా ఆ దుడ్లతోనే కాస్తాండారు. నన్నొక మాట అడగాల్సింది."

"తప్పైపాయత్తా. అడిగి ఉంటే నువ్వు వద్దనేదానివి..."

"ఎవరు చెప్పిరి నీకు వద్దంటానని?" మా అత్త గొంతు మొదటిసారి లేచింది. "ఆయప్ప సినిమా పడితే పల్లె నుంచి నడిచిపోయి చూసినా నేను. నీ పెండ్లికి ముందు నుంచి చూస్తాండా. అడిగి ఉంటే నేనే ఆదోనికి వచ్చి, నా చేత్తో ఆయప్ప చేతిలో పెట్టుందును. కమ్మలు నావి, దండ నీ మెడలోనా?"

నేను దండ తీసి ఆమెకు ఇవ్వబోయాను. తీసుకోలేదు. వీధి వైపు తిరిగింది.

"దగ్గర నుంచి ఎట్లుండాడు?" అంది మెల్లగా.

చెప్పాను. ఎండకు ఎర్రబడ్డాడని, గొంతు బొంగురుపోయిందని, కంట్లో నీళ్లు తిరిగాయని. ఆమె కదలకుండా విన్నది. కొట్టినా నాకు అంత సిగ్గు కలిగేది కాదు.

సీమంతం నాడు గౌరమ్మ పాత చీర కట్టుకుంది. చుట్టాలు చెవుల్లో పుల్లలేమిటని అడిగితే, "నేనే ఇమ్మంటి, మా అల్లుడు నా మాట కాదనడు" అని అత్త అందరికీ చెప్పింది. ఆ మాట విన్నప్పుడల్లా నేను పెరట్లోకి పోయి నిలబడి వచ్చాను. గౌరమ్మ మాత్రం చాలా ఏళ్లు సంతలో మామిడిపిందెల అంచు చీర ఎవరు కట్టుకున్నా వెనకే నాలుగడుగులు నడిచేది.

వానలు పడి, చీరలు అమ్ముడుపోయి, రెండేళ్లకు అత్తకు కొత్త కమ్మలు చేయించాను. పెట్టుకుని అద్దంలో చూసుకుంది. "టాకీసులో ఏం పడింది?" అని అడిగింది. మా హీరో సినిమానే పడింది. అందరం పోయాం. తెర మీద ఆయన కనిపించగానే డేరా అంతా ఈలలు. ఆ ఈలలు ఆగిన నిమిషంలో, ఆడవాళ్ల వైపు నుంచి మా అత్త పక్కనున్నామెతో చెప్పే మాట డేరా మొత్తానికి వినిపించింది.

"ఈయప్పకు కమ్మలు నేను పెట్టిన్నమ్మా. మా అల్లుడు ఉత్త మోసేటోడు."

డేరా పగలబడి నవ్వింది. అందరి కంటే గట్టిగా నవ్వింది గౌరమ్మ.

కాబట్టి చదువరులారా, మీ సాక్షిగా ఒట్టు పెడుతున్నాను. ఇకమీదట ఏ హీరో అయినా సరే "తమ్ముడూ" అని చెయ్యి చాస్తే, నేను ఆ చెయ్యి పట్టుకుని నేరుగా మా అత్తగారింటికి తీసుకుపోతాను. ఆపైన ఆయన, ఆమె చూసుకుంటారు.