బ్యారన్‌లో అచ్చయిన ముఖం

మా తాత కట్టించిన పొగాకు బ్యారన్లలో మాకు ఒక్కటే మిగిలింది. పర్చూరు దగ్గర నల్లరేగడి చేల మధ్య, పచ్చి పొగాకును వేడికి ఆరబెట్టి కాల్చేందుకు కట్టిన, కిటికీలు లేని ఎత్తైన ఇటుక గది. కొంటామని వచ్చినవాళ్ళకు నేను కుర్చీ కూడా వెయ్యలేదు. అందులోనే బనీన్ల మీద బొమ్మలు అచ్చువేసే పని పెట్టుకున్నాను. అచ్చు గుడ్డకు పట్టాలంటే హీట్ ప్రెస్ కింద కాల్చాలి. వేడిపలక దించగానే గోడల్లోంచి పాత పొగాకు వాసన లేచేది.

ఒక వేసవి ఉదయం ఒకావిడ భర్త ఫొటో తెచ్చింది. అతను మా పనివాడు. ఆకు కాలుస్తుండగా ఈ బ్యారన్ లోపలే పడి చనిపోయాడు. ఆ సాయంత్రం కబడ్డీకి దిగే కొడుకు తండ్రి బొమ్మ ఉన్న బనీను వేసుకోవాలట.

"అద్దంకిలో పెద్ద షాపులున్నాయిగా" అన్నాను.

"ఆయన అద్దంకిలో పోలేదుగా బాబూ. ఇక్కడే ఉండిపోయాడు. ఇంటికి తీసుకుపోదామని వచ్చా."

మా మనిషి పని ఇంకొకరి చేతికి ఎందుకివ్వాలి? మధ్యాహ్నానికి ముఖం అచ్చువేసి, పైన కాగితం పరిచి పలక దించాను. ఆవిడ పక్కకొచ్చి నిలబడింది.

"ఆయన్ని ఎంతసేపు ఉంచుతారండీ ఆ వేడిలో?"

నా చెయ్యి దానంతటదే పిడి ఎత్తేసింది. రంగు ఇంకా ఆరలేదు. కాగితం తీస్తే కళ్ళు రెండూ దానికే అంటుకుని వచ్చాయి. బనీను మీద కళ్ళులేని ముఖం. నా చేతిలోని కాగితంలోంచి అతను నన్ను చూస్తున్నాడు.

"కళ్ళు ఇక్కడే వదిలేసి వస్తాడా ఏంటి" అందావిడ, మొండికేసిన మొగుణ్ణి విసుక్కున్నట్టు. "మళ్ళీ పెట్టండి."

కాగితాన్ని ముఖం మీద సరిగ్గా అమర్చాను. పిడి మీద చెయ్యి వేశాను గానీ దించలేకపోయాను. నన్ను పక్కకు జరిపి ఆవిడే దించింది. రెండు చేతులతో అదిమిపట్టి, రంగు కాలిన వాసన వచ్చేదాకా వదల్లేదు.

చల్లారాక కాగితం తెల్లగా ఊడివచ్చింది. ఆవిడ తడిపిన కొంగుతో ఆ కళ్ళను గట్టిగా రుద్దింది. చెరగలేదు.

"ఇంక లెగువయ్యా, పోదాం."

బనీను మడిచి గుండెకు పెట్టుకుని, వెనక్కి చూడకుండా గడప దాటింది. నేను తలుపు మూయబోయాను.

"అప్పుడే వెయ్యమాకండి బాబూ. వస్తన్నాడు."

మా ఇంట్లో ఎవరం ఎవరికీ తలుపు పట్టుకుని నిలబడినవాళ్ళం కాదు. నిలబడ్డాను. బయట ఆకు కదలడం లేదు. లోపలి నుంచి వేడిగాలి నా భుజాన్ని రాసుకుంటూ నెమ్మదిగా ఆవిడ వెంట వెళ్ళింది.