గోడ మీది కాజాల అత్త

మా కుట్టు కార్ఖానాలో మనిషి ఫోటో గోడెక్కాలంటే ఒకటే అర్హత. ఆ మనిషి పోయి ఉండాలి.

ఇది ఎవరో పెట్టిన నియమం కాదు, దానంతటదే ఏర్పడిపోయింది. చొక్కాలు కుట్టే చిన్న చోటు మాది. ఒక పొడవాటి గది, కిటికీల వైపు మిషన్లు, మధ్యలో కటింగ్ బల్ల, ఆ చివర నా ఇస్త్రీ బల్ల. కటింగ్ బల్ల వెనక గోడకి మొదట పెద్దసారు ఫోటో వచ్చింది. ఈ కార్ఖానా పెట్టింది ఆయనే. ఆయన పోయిన కొన్నేళ్ళకి పక్కనే మా కటింగ్ మాస్టరు చేరాడు. రెండూ ఒకే కొలత, నల్ల ఫ్రేములు. పొద్దున లోపలికి రాగానే అటు ఒకసారి చూసి, ఆ తర్వాతే మిషను మీద గుడ్డ తీయడం మా అందరికీ అలవాటు. భక్తి అని కాదు, వచ్చామని చెప్పుకోవడం, అంతే.

ఆ మాస్టరు భార్యే మా కాజాల అత్త. గుండీలు పట్టే కంతల్ని కాజాలంటాం. వాటిని కుట్టే మిషను వచ్చి ఎన్నాళ్ళో అయింది గానీ, ఖరీదైన చొక్కాలకి చేత్తో కుట్టినవే కావాలనే వాళ్ళు ఇంకా కొందరున్నారు. వాళ్ళ పుణ్యమా అని అత్త ఇక్కడ ఉంది. పెళ్ళయిన కొత్తల్లో భర్తకి క్యారేజీ తెచ్చి, ఆయన తినేదాకా ఊరికే కూర్చోలేక సూది పట్టుకుందట. మళ్ళీ దించలేదు. బిడ్డని పక్కన గుడ్డల మూట మీద పడుకోబెట్టి కుట్టింది. ఆ బిడ్డ పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయినా కుట్టింది. మాస్టరు కటింగ్ బల్ల దగ్గరే, చేతిలో కత్తెర ఉండగానే ఒరిగిపోయాడు. అన్నీ అయ్యాక తిరిగొచ్చిన రోజు కూడా అత్త నేరుగా తన స్టూలు మీద కూర్చుని సూదిలో దారం ఎక్కించింది. ఏడవలేదు. "రాయిరా బాబూ ఈవిడ" అంది కాలర్లు కుట్టే మా కాలర్ల వదిన. వదిన నోటికి తాళం లేదు, కానీ ఆ మాట నాకూ అనిపించింది.

మాస్టరు పోయాక గది గదిలా లేదు. పని జరిగేది, ఎవరికీ పట్టనట్టు జరిగేది. చొక్కాకి ఒక చెయ్యి పొట్టి, ఒక చెయ్యి పొడుగు. జేబులు ఓ పక్కకి వాలేవి. వెళ్ళిన చొక్కాలు వెళ్ళినట్టే తిరిగొచ్చేవి. మా దగ్గర ఎప్పట్నుంచో కొనే పెద్ద షాపు వాళ్ళు మాకో దణ్ణం పెట్టి వేరే చోటు చూసుకున్నారు. పెద్దసారు కొడుకుని మేం చిన్నసారు అంటాం. పాపం మంచివాడు. అతనికి కోపం రాదు, భయం వస్తుంది. భయంతో కొత్త ఫ్యాన్లు పెట్టించాడు. రేడియో తెచ్చాడు. అందర్నీ నిలబెట్టి "మనమంతా ఒక కుటుంబం" అన్నాడు.

"కుటుంబమైతే ఇంకేం, రోజూ పోట్లాడుకోవచ్చు" అని వదిన గొణిగింది.

ఆ తర్వాత ఎవరు చెవిన వేశారో, నెలకొకసారి బాగా పనిచేసినవాళ్ళని ఎంచి అందరి ముందూ గౌరవిస్తే మిగతావాళ్ళకి ఉత్సాహం వస్తుందని అతనికి తెలిసింది. మొదట ఎవరిని ఎంచాలో ఆలోచించే పనే లేదు. అత్తని ఫోటో స్టూడియోకి పంపాడు. ఎందుకో చెప్పలేదు, చెబితే సరదా పోతుందని. అక్కడివాడు ఆవిడని నిటారుగా కూర్చోమన్నాడట, నవ్వొద్దన్నాడట.

సోమవారం పొద్దున మేం వచ్చేసరికి అత్త గోడ మీదుంది.

మాస్టరు పక్కనే. అదే కొలత, అదే నల్ల ఫ్రేము. అన్నీ ఒక్కలా ఉంటే అందంగా ఉంటుందని చిన్నసారు ఆ పాత ఫ్రేములు కట్టిన షాపుకే ఇచ్చాడు. భర్త పక్కన పెడితే ఆవిడ సంతోషిస్తుందని కూడా అనుకున్నాడు. నా వెనకే వచ్చిన గుండీలు కుట్టే పిల్ల "ఎప్పుడక్కా, శనివారం బాగానే ఉందిగా" అని ఏడుపందుకుంది. వదిన గోడకి ఆనుకుని కూలబడింది. అంతలో అత్త గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, క్యారేజీ పట్టుకుని లోపలికి వచ్చింది. ఆవిడని చూసి ఆ పిల్ల ఇంకా గట్టిగా ఏడ్చింది.

"ఈ నెల బాగా పనిచేసింది మన అత్తే" అని చిన్నసారు చప్పట్లు కొట్టాడు. అతనొక్కడే కొట్టాడు.

అత్త చాలాసేపు పైకి చూసింది. "బాగానే వచ్చింది" అని స్టూలు మీద కూర్చుంది.

ఆ రోజు నుంచి మాకేదో పట్టింది. ఉన్న మనిషితో మాట్లాడినట్టు ఆవిడతో మాట్లాడలేకపోయాం. దారం అడిగితే చేతికివ్వకుండా బల్ల మీద పెట్టి పక్కకి తప్పుకునేవాళ్ళం. అన్నాల దగ్గర ఆవిడ పక్క చోటు ఖాళీగా ఉండేది. మధ్యాహ్నం కిటికీలోంచి ఎండ వచ్చి ఫ్రేముల మీద పడేది. పైనా ఆవిడే, కిందా ఆవిడే. చూడబుద్ధయ్యేది కాదు, చూడకుండా ఉండబుద్ధీ అయ్యేది కాదు. అలా చూస్తూనే నేనొక చొక్కా వీపు మాడ్చేశాను.

రెండో నెల వచ్చింది. ఆ నెలంతా మాకు ఒకటే పట్టుదల, ఎట్టి పరిస్థితుల్లోనూ మంచి పనివాళ్ళం కాకూడదని. గుండీల పిల్ల చెయ్యి మహా చురుకు, అది కావాలనే దారం వదులుగా వేసింది. వదిన పూటకొక సాకు చెప్పి పని నాన్చింది. "నా పిల్లల పెళ్ళిళ్ళు కానీయండి, అప్పుడెక్కుతా గోడ" అంది. చిన్నసారు చొక్కాల గుట్ట ముందేసుకుని ఒక్కరినీ ఎంచలేక తల పట్టుకున్నాడు. ఉత్సాహం తేబోయి ఉన్నది కూడా ఊడగొట్టుకున్నాడు.

అత్త మాత్రం రోజురోజుకీ తేలికైపోయింది. తన మంచి కత్తెర గుండీల పిల్లకి ఇచ్చేసింది. స్టూలు మీది దిండు నాకివ్వబోయింది.

"నీకొద్దా అత్తా?"

"నాకెందుకే ఇంక."

క్యారేజీ తెచ్చేది, మూత తీసేది కాదు. ఒకరోజు అందరూ చేతులు కడుక్కోవడానికి వెళ్ళారు. నేను వెనక్కి వచ్చేసరికి అత్త గోడ దగ్గర నిలబడి మెల్లగా మాట్లాడుతోంది. "కాస్త జరగండి, ఇరుగ్గా ఉంది" అంటోంది. మేమందరం కలిసి ఆవిడని కొంచెం కొంచెంగా పైకి నెట్టేస్తున్నామని నాకప్పుడు అర్థమైంది. ఇలాగే వదిలేస్తే ఆ ఫోటో నిజమైపోతుంది.

వెళ్ళి వదినకి చెప్పాను. మధ్యలో అడ్డు రాకుండా వదిన ఒక మాట విన్నది అదే మొదటిసారి. విని, నా చెయ్యి పట్టుకుని తిన్నగా చిన్నసారు ముందుకి లాక్కుపోయింది.

"సార్, అత్త ఫోటో తీసేయండి."

"అదేంటి, అది గౌరవం కదా."

"అంత గౌరవమైతే పక్కన మీదీ పెట్టండి. మీరూ కష్టపడుతున్నారుగా. మేకు నేను కొడతా."

చిన్నసారు నవ్వబోయి గోడ వైపు చూశాడు. వాళ్ళ నాన్న, మాస్టరు, అత్త, ఆ పక్కన ఖాళీ. నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఆ ఖాళీని అతను అంతకుముందు చూసినట్టు లేదు. అరచేతులు ప్యాంటుకి తుడుచుకుని, స్టూలు లాక్కుని ఎక్కి, ఫోటో దించాడు. దాన్ని బోర్లా పెట్టి, అత్త ముందు గచ్చు మీద కూర్చున్నాడు.

"నాకు తెలీలేదు అత్తా. మాస్టారున్నప్పటిలా ఉండాలనుకున్నానంతే. ఆయనేం చేసేవారో కూడా నాకు తెలీదు. నేనెప్పుడూ ఆ ఆఫీసు గది దాటి రాలేదుగా."

అత్త సూది ఆపింది. "ఏముంది బాబూ. సాయంత్రం అయ్యేసరికి కుట్టినవాటిలోంచి ఒక చొక్కా తీసి తొడుక్కునేవారు. తొడుక్కుని అందరి మధ్యా తిరిగేవారు. ఈ జేబు ఎవరిదమ్మా, అలిగినట్టుంది, అనేవారు. మడతలో ఉన్న చొక్కా ఎవరిదీ కాదు బాబూ. ఒంటి మీద చూస్తేనే మన చెయ్యి మనకి కనబడేది."

నిజమే. రోజూ మా కళ్ళ ముందు జరిగిన సంగతే. ఆయనతో పాటు అదీ పోయిందని మాలో ఒక్కరమూ అనుకోలేదు.

చిన్నసారు లేచాడు. నా బల్ల మీంచి ఒక తెల్ల చొక్కా తీసి, వేసుకున్న దాని మీదే తొడుక్కుని, గది మధ్యలో నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు. మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. ఎండ వెనక నుంచి పడి ముఖం కనబడటం లేదు. చొక్కా ఒక్కటే కనబడుతోంది.

అత్త లేచి వెళ్ళింది. వెనక నిలబడి భుజం మీది కుట్టు వేలితో సర్దింది.

"ఏమండీ, కాస్త ఇటు తిరగండి" అంది.

చిన్నసారు తిరిగాడు. అత్త చెయ్యి పై గుండీ దాకా వెళ్ళింది. ముఖం చూసింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

అప్పుడు ఏడ్చింది. మాస్టరు పోయిన రోజు ఏడవాల్సిందంతా ఆ చొక్కా రెండు చేతులా పట్టుకుని ఏడ్చింది. చిన్నసారు కదలకుండా నిలబడ్డాడు. వదిన వెళ్ళి వీపు మీద చెయ్యి వేసింది, తర్వాత నేను, తర్వాత గుండీల పిల్ల. ఆవిడ ఒళ్ళు వెచ్చగా ఉంది. ఇన్నాళ్ళూ మేం ఆవిడని ముట్టుకోలేదని నాకప్పుడే తెలిసింది.

చాలాసేపటికి కొంగుతో ముఖం తుడుచుకుంది. ఎదురుగా ఉన్న కాలరు రెండు వేళ్ళతో పట్టుకుని, కళ్ళు చికిలించి చూసింది.

"విప్పు బాబూ" అంది. "వంకరొచ్చింది. ఎవతె కుట్టిందే ఇది?"

"నేనే అత్తా" అంది వదిన.