నేటాల్ నుంచి వచ్చిన ప్రెసిడెంటు

మా ఆయన ఆఫ్రికాలో పెరిగారు. ఉద్దానంలో బతుకు గడవక ఆయన అమ్మానాన్నలు చంటిపిల్లాడితో ఓడెక్కి, నేటాల్ చెరుకుతోటలకు కూలికి పోయారు. ఇద్దరూ అక్కడే చనిపోయారు. ఇరవై దాటాక ఆయన ఒంటరిగా తిరిగొచ్చి, పలాస స్టేషన్లో దిగి, వజ్రపుకొత్తూరు పక్కనున్న మా ఊరికి నడిచి వచ్చారు. సముద్రం దాటినవాడని ఎవరూ గడప ఎక్కనివ్వలేదు. మా అయ్య ఒక్కడే పశువులపాకలో చోటిచ్చాడు. మరుసటేడు నన్నూ ఇచ్చాడు.

అయ్యా, ఆయనా కామందు తోటల్లో కొబ్బరికాయలు దింపేవారు. ఊళ్లో తోటలన్నీ ఆ కామందువే. ఉన్న ఒక్క మంచినీళ్ల బావీ ఆయన పెరట్లోనే. మా వీధి ఆడవాళ్లం దాన్ని ముట్టుకోకూడదు. కుండ కిందపెట్టి, ఎవరైనా తోడి పోసేదాకా ఎండలో నిలబడాలి. ఒకరోజు మధ్యాహ్నం దాకా నిలబడి ఖాళీ కుండతో ఇంటికొచ్చాను. అది చూసి ఆయన, నేటాల్‌లో తోటి కూలి దగ్గర నేర్చుకున్న నాలుగక్షరాలతో, మా వీధికి బావి కావాలని టెక్కలి సర్కారు కచేరీకి అర్జీ రాశారు.

కొన్నాళ్లకు టెక్కలి నుంచి ఒక అధికారి వచ్చాడు. ఊరికి పంచాయతీ పెడుతున్నామనీ, బావి సంగతి అదే చూసుకుంటుందనీ చెప్పాడు.

"అయితే నానూ నిలబడతాను" అన్నారు మా ఆయన.

ఎన్నిక బడి ముందు జరిగింది. మగవాళ్లు చేతులెత్తాలి. అప్పట్లో ఆడవాళ్లకు ఓటు లేదు, దడి అవతల నిలబడి చూశాం. కామందు ఎదురుగా కుర్చీ వేసుకుని ఒక్కొక్కరి ముఖంలోకీ చూస్తున్నాడు. మా ఆయన పేరు పిలిస్తే ఒక్క చెయ్యీ లేవలేదు. అప్పుడు మా అయ్య చెయ్యెత్తాడు.

"రేపట్నించి నా తోటలోకి రానక్కర్నేదు" అన్నాడు కామందు.

"రాను బాబూ" అన్నాడు అయ్య. చెయ్యి మాత్రం దించలేదు.

వెనకనుంచి ఇంకో చెయ్యి లేచింది, తర్వాత ఇంకోటి. అధికారి లెక్కపెట్టి రాసుకున్నాడు. పంచాయతీకి గెలిచిన అయిదుగురిలో మా ఆయనతోపాటు కామందూ ఉన్నాడు. మిగిలిన ముగ్గురి ఇళ్లకూ కామందు బావే దిక్కు. వాళ్లు కలిసి మా ఆయన్ని ప్రెసిడెంటును చేశారు.

మొదటి సభకు బడిలో ఉన్నది ఒకటే కుర్చీ. కామందు ముందే వచ్చి అందులో కూర్చున్నాడు. "నీ ముందు నాను కింద కూకోవాలేటి?" అన్నాడు.

"కూకోండి బాబూ. నిలబడినోడి మాట ఇంకా దూరం ఇనిపిస్తాది" అన్నారు మా ఆయన. సభంతా నిలబడే నడిపారు. మా వీధిలో బావి తవ్వాలని పంచాయతీ పుస్తకంలో రాసి సంతకం పెట్టారు.

బావి తవ్వేవాళ్లెవరూ రాకుండా కామందు కట్టడి చేశాడు. మేమే తవ్వాం. రెండుసార్లు ఇసక కూలి గొయ్యి పూడిపోయింది. నేను కడుపుతో ఉండి కూడా ఇసక తట్టలు మోశాను. వద్దన్నవాళ్లతో, "ఎండలో నిలబెట్టినప్పుడు ఎవులొద్దన్నారు?" అన్నాను. మూడోసారి నీళ్లు పడ్డాయి. ఉప్పు లేదు.

తర్వాతి ఎన్నికలో ఆయన ఓడిపోయారు. తోటపని పోతుందని చాలామంది చేతులు ఎత్తలేదు. వాళ్లను నేను తప్పు పట్టను, వాళ్లకీ పిల్లలున్నారు. కామందు ప్రెసిడెంటయ్యాడు. మర్నాడే పంచాయతీ పుస్తకం తెమ్మని కబురంపాడు.

మా వీధివాళ్లెవరైనా కామందు ఇంటి ముందు చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నడవాలి. ఆ పొద్దున మా ఆయన చెప్పులు తొడుక్కునే బయల్దేరారు. ఆయన పాత జత నేను తొడుక్కున్నాను. అవి నాకు పెద్దవి, నడుస్తుంటే టపటపమని చప్పుడు. ఆయన వెనక కాదు, పక్కనే నడిచాను.

కామందు మా కాళ్లకేసి చూశాడు. "ఆ సెప్పులేటి?"

"పుస్తకం అప్పసెప్పడానికొచ్చినాం బాబూ" అన్నారు మా ఆయన. "సెప్పులు మావి. అవి అప్పసెప్పం."

పుస్తకం అరుగు మీద పెట్టి, ఇద్దరం నడివీధిలోనే ఇంటికి వచ్చాం. ఎవరూ మమ్మల్ని ఆపలేదు.