అక్క కత్తెర స్క్రూ

మా అక్క ఇరవై ఆరేళ్లుగా కాజాలు కుడుతోంది. మా టైలరు షాపులో గుడ్డ కత్తిరించేది నేను, బొత్తాం కంతలు చేత్తో కుట్టేది ఆమె. మిషన్ కాజా చూస్తే ముఖం చిట్లిస్తుంది. "అది కాజానా, చిల్లా?" అంటుంది.

నిరుడు ఆమె కత్తెర మొరాయించడం మొదలుపెట్టింది. "ఒరే, బిగుసుకుపోయింది, స్క్రూ కాస్త వదులు చెయ్యి" అంది. చేశాను. వారానికే మళ్లీ అడిగింది. సాన పట్టించాను, నూనె వేశాను, చివరికి కొత్తది కొన్నాను. అదీ బిగుతేనట! "నీకు కత్తెరలు అచ్చిరావు తల్లీ!" అని ఎగతాళి చేశాను. రోజూ నాకన్నా గంట ముందే వచ్చి షాపు తీస్తుంటే పని మీద శ్రద్ధ అనుకున్నాను, మొద్దు వెధవని. ఒకరోజు పెందలాడే వెళ్లేసరికి ఇస్త్రీ బల్ల పక్కన వేడినీళ్ల గిన్నెలో రెండు చేతులూ ముంచి కూర్చుంది. వేళ్ల కణుపులు ఉబ్బి ఉన్నాయి. పిడికిలి మూయమంటే మూయలేకపోయింది.

పోట్లాడి మరీ ఆసుపత్రికి తీసుకెళ్లాను.

రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్ అన్నారు. రక్తంలో యాంటీ సీసీపీ అనే యాంటీబాడీలు బాగా ఎక్కువట. డాక్టరమ్మ ఎక్స్‌రేని వెలుతురుకు పెట్టి, కుడి చూపుడువేలి మొదట్లో ఎముక అంచున చిన్న గంటు చూపించింది. అక్క సూది పట్టేది ఆ వేలితోనే.

"ఒంటిని కాపాడాల్సిన యాంటీబాడీలే కీళ్ల మీద పడ్డాయి. ఇంత ఎక్కువున్నవాళ్లకి ఎముక త్వరగా దెబ్బతినే ప్రమాదం ఎక్కువ. తప్పకుండా దెబ్బతింటుందని కాదు. మందు మాత్రం మానొద్దు."

"పోయింది మళ్లీ వస్తుందా?" అక్క అడిగింది.

"రాదమ్మా. ఉన్నది కాపాడుకోవాలి."

కొన్ని నెలలకి నొప్పి తగ్గింది. మహాతల్లి ఏం చేసిందో తెలుసా? వారానికోసారి వేసుకోవాల్సిన మాత్రలు మానేసింది! డబ్బాలో ఐదు వారాలవి అలాగే ఉన్నాయి.

"నొప్పి లేదు కదరా" అంది.

"నొప్పి లేకపోతే ఎముక బాగున్నట్టేనని ఎవరు చెప్పారక్కా?" అని అరిచాను.

మళ్లీ మొదలుపెట్టింది. కానీ నా భయం పోలేదు. ఆమె చేతిలోంచి సూది జారితే చాలు, ఆ ఐదు వారాల్లో గంటు ఎంత పెరిగిందోనని చచ్చేవాణ్ణి.

నిన్న రెండో ఎక్స్‌రే తీశారు. డాక్టరమ్మ పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి ఎంతసేపు చూసిందో! అక్క నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"పెరగలేదు. రక్తంలో యాంటీబాడీలు మాత్రం ఇంకా ఎక్కువగానే ఉన్నాయి. జాగ్రత్త."

షాపుకి రాగానే అక్క కత్తెర నా ముందు పెట్టింది. "మరీ లూజుగా ఉందిరా, గుడ్డ తెగట్లేదు, నలుగుతోంది. బిగించు."

స్క్రూడ్రైవర్ తీసి అర చుట్టు తిప్పాను.

"ఇంకొంచెం" అంది.

ఆ వేళ్లకి మళ్లీ బరువవుతుందేమోనని, ఇంకా బిగించడానికి నాకు చేతులు రాలేదు.