సూర్యకళ గారి నూరో దేశం

రాజమండ్రి టెలిగ్రాఫ్ ఆఫీసులో సూర్యకళ పేరు చెబితే ముందు గుర్తొచ్చేది ఆవిడ చెవి. నాలుగు యంత్రాలు ఒకేసారి టకటకలాడుతున్నా తనకి కావలసినదాన్ని ఏరుకుని వినేది. ఏలూరు నుంచి కొడుతున్నది ఎవరో, కాకినాడలో ఇవాళ డ్యూటీలో ఉన్నది ఎవరో అవతలివాళ్లు చెప్పకముందే చెప్పేసేది. మనిషికి చేతిరాత ఉన్నట్టే మోర్సు కొట్టడంలోనూ ఒక తీరు ఉంటుందనీ, దాన్ని దాచుకోవడం కష్టమనీ అంటుండేది. ఇరవై రెండేళ్లపాటు చుక్కల్నీ గీతల్నీ మాటలు చేసి, పెళ్లి కబుర్లూ చావు కబుర్లూ కాగితం మీద పెట్టింది.

1991లో ఆఫీసుకి కొత్త యంత్రాలొచ్చాయి. ఇక్కడ అక్షరం నొక్కితే అక్కడ అక్షరమే పడుతుంది. మోర్సుతో పని లేకుండా పోయింది. సూర్యకళని కౌంటర్లో కూర్చోబెట్టారు. జీతం తగ్గలేదు, పని తేలికైంది. అయినా ఇంటికొచ్చాక అన్నం కలుపుతూ కంచం అంచు మీద వేలితో కొట్టుకుంటూ ఉండేది. ఆ కొట్టేది ఏంటో భర్త శివరామకృష్ణకి అర్థమయ్యేది కాదు గానీ, ఎందుకు కొడుతోందో అర్థమయ్యేది. ఆయనకి మెయిన్ రోడ్డులో ఇనప సామాన్ల కొట్టు ఉంది. నెమ్మదైన మనిషి.

ఆ ఏడాదే ఒక శనివారం సామ్యేలు కౌంటరు దగ్గరికి వచ్చాడు. సామర్లకోటలో రేడియోలు బాగుచేసే కొట్టు ఆయనది. నలభై ఏళ్లుంటాయి. హామ్ రేడియో లైసెన్సుకి పరీక్ష రాసి రెండుసార్లు తప్పాడు. సొంతంగా ట్రాన్స్‌మిటర్ కట్టగలడు, మోర్సు మాత్రం చెవికి ఎక్కడం లేదు. "మీరు నేర్పుతారని ఎవరో చెప్పేరండి" అన్నాడు చేతులు నలుపుకుంటూ. హామ్ రేడియో అంటే ఏంటని సూర్యకళ అడిగింది. ఇంట్లో చిన్న పెట్టె పెట్టుకుని, డాబా మీద తీగ కట్టుకుని, లోకంలో ఎక్కడివాళ్లతోనైనా మాట్లాడుకోవడమని, చాలామంది మోర్సులోనే మాట్లాడుకుంటారని ఆయన చెప్పాడు. ఆ చివరి మాట విని ఆవిడ చేతిలో ఉన్న రసీదు పుస్తకం పక్కన పెట్టేసింది.

ఆదివారాలు పాఠాలు మొదలయ్యాయి. ఆరు నెలల తర్వాత ఇద్దరూ విశాఖ వెళ్లి పరీక్ష రాశారు. సామ్యేలు గట్టెక్కాడు. సూర్యకళ రాసిన కాగితం చూసి పరీక్ష పెట్టిన అధికారి, ఎక్కడ పనిచేశారమ్మా అని అడిగాడట. లైసెన్సులు రాగానే సామ్యేలు గురుదక్షిణ అంటూ తన చేత్తో కట్టిన సెట్టు ఒకటి తెచ్చి ఇచ్చాడు. డాబా మీద కట్టడానికి రాగి తీగ శివరామకృష్ణ తన కొట్టు నుంచే తెచ్చాడు.

మొదటి వారంలో ఆవిడ జపాన్‌తో మాట్లాడింది. రెండో వారంలో బల్గేరియాతో. మాట్లాడిన ప్రతివాళ్లూ రుజువుగా పోస్టులో ఒక కార్డు పంపుతారు. వంద దేశాల కార్డులు చేరితే అమెరికాలోని హామ్‌ల సంఘం ఒక సర్టిఫికెట్టు ఇస్తుందని సామ్యేలు చెప్పి, ఒక జాబితా తెచ్చి బల్ల మీద పరిచాడు. మొగుడూ పెళ్లాలిద్దరూ ఆ జాబితా మీదికి వంగి చదివారు. అందులో అండమాన్ ఇండియా కింద లేదు, వేరేగా ఉంది. లక్షద్వీప్ కూడా వేరే. న్యూయార్క్‌లో ఐక్యరాజ్య సమితి భవనం ఒక దేశం. రోములో ఒక పాత సన్యాసి సైనికుల సంఘం కార్యాలయం ఇంకో దేశం.

"భవనం దేశం ఎలా అవుద్దండి?" అన్నాడు శివరామకృష్ణ.

సామ్యేలు ఓపిగ్గా వివరించాడు. ఇక్కడ దేశం అంటే జెండా ఉన్న దేశమనే కాదు. సొంత ప్రభుత్వం ఉంటే విడి లెక్క. ఒకే ప్రభుత్వం కింద ఉన్నా నేలకి బాగా దూరంగా సముద్రంలో ఉన్న దీవి అయితే విడి లెక్క. ఇంకా కొన్ని వింత సంగతులున్నాయి. శివరామకృష్ణకి ఇది వ్యాపారం లెక్కకన్నా బాగుంది. పట్టిసీమ చుట్టూ గోదావరి నీళ్లే కదా, అది లెక్కకొస్తుందా అని అడిగాడు. రాదు. మరి యానాం? అది ఒకప్పుడు ఫ్రెంచి వాళ్ల కింద ఉన్నప్పుడు విడి లెక్కేననీ, ఫ్రెంచి వాళ్లు వెళ్లిపోయిన 1954తో ఆ పేరు కొట్టేశారనీ సామ్యేలు అన్నాడు. ఆ సాయంత్రం నుంచీ శివరామకృష్ణ గోడకి పెద్ద ప్రపంచ పటం తగిలించి, కార్డు వచ్చిన చోటల్లా గుండుసూది గుచ్చడం మొదలుపెట్టాడు.

అవి పటం మారిపోతున్న రోజులు. ఒక్క చెకోస్లొవేకియా రెండు ముక్కలైంది, యుగోస్లావియా నాలుగైదు అయింది. పేపర్లో ఎక్కడైనా కొత్త జెండా ఎగిరిందని చదివితే శివరామకృష్ణ కొట్లోంచే ఫోను చేసి చెప్పేవాడు. సూర్యకళ ఆఫీసు నుంచి రాగానే గంటసేపు సెట్టు దగ్గర కూర్చునేది. ఆవిడ సెట్టుది చిన్న బల్బు వెలిగించేంత శక్తే. పెద్ద సెట్లవాళ్ల గొంతుల మధ్య అది వినపడాలంటే ఓపిక కావాలి. ఎవరు ఎప్పుడు ఆగుతారో, ఏ సందులో తన పేరు, అంటే లైసెన్సులో ఇచ్చిన అక్షరాలు, వెయ్యాలో కనిపెట్టి, ఒక్కసారే వేసేది. 1998 ఆఖరుకి పటం మీద తొంభై తొమ్మిది గుండుసూదులయ్యాయి.

అప్పుడే చెవి మొరాయించింది. ముందు కుడి చెవి. కాకినాడ డాక్టరు పరీక్ష చేసి, నరం దెబ్బతిందనీ, ఎడమది కూడా మెల్లిగా అదే దారి పడుతుందనీ, మందు లేదనీ చెప్పాడు. ఏడాదో, ఏడాదిన్నరో అన్నాడు. ఇంటికొచ్చి సూర్యకళ ఆ విషయం సామ్యేలుకి చెప్పినప్పుడు ఏడవలేదు. "తొంభై తొమ్మిదితో ఆగిపోతుందేమోనండి" అని మాత్రం అంది.

1999 ఫిబ్రవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం సెట్టు పెట్టగానే ఒక పిలుపు వినిపించింది. లక్షద్వీప్ అని చెప్పే అక్షరాలతో మొదలైంది. ఏళ్ల తరబడి అక్కడి నుంచి ఎవరూ మాట్లాడలేదు. లోకమంతా ఆ దీవుల కోసం కాచుకుని ఉంది. సూర్యకళ అలవాటు కొద్దీ వెంటనే జవాబిచ్చింది. అవతలివాళ్లు ఆవిడ పేరు తప్పు లేకుండా తిరిగి చెప్పారు.

ఎవరితో ఎప్పుడు మాట్లాడిందీ రాసుకునే లాగ్ పుస్తకంలో టైము రాస్తూ రాస్తూ ఆవిడ కలం ఆపింది. సముద్రం దాటి వచ్చే ధ్వని ఊగుతుంది. ఇది కొయ్య గుంజలా నిలబడి ఉంది. పైగా తను సెట్టు తిప్పి పెట్టిన ఆ బ్యాండు, అంటే ఆ తరంగాల వరస, మధ్యాహ్నం పూట చుట్టుపక్కల జిల్లాల వరకే అంత గట్టిగా వినిపిస్తుంది. అన్నిటికన్నా ఆ పిలుపులో ఉన్న 'యు' అక్షరం. రెండు చుక్కలూ సరిగానే పడి, చివరి గీత తాడు లాక్కెళ్లే దూడలా సాగిపోతోంది. ఆ అలవాటు మాన్పించడానికి ఆవిడ ఆరు నెలలు ఆదివారాలన్నీ అవస్థపడింది, కుదరలేదు. సూర్యకళ సెట్టు ఆపేసి, రాసిన వరసని అడ్డంగా కొట్టేసింది. భర్త అడిగితే, పొరపాటు పడ్డానని చెప్పింది.

మర్నాడు సెలవు పెట్టి పాసింజరు బండెక్కి సామర్లకోట వెళ్లింది. సామ్యేలు కొట్లో ఒక్కడే ఉన్నాడు. ఆవిడని చూడగానే లేచి స్టూలు తుడిచాడు.

"నిన్న మధ్యాహ్నం సెట్టు పెట్టేరా, సామ్యేలు గారూ?"

"పెట్టేనండి."

"లక్షద్వీప్‌లోనా?"

సామ్యేలు తీగలు అతికించే సాల్డరింగ్ ఐరన్ స్విచ్చి ఆపాడు. "ఎలా తెలిసిందండి?" అన్నాడు.

"మీకు నేర్పింది నేనే కదండి."

ఆయన బల్ల సొరుగు తీసి ఒక కార్డు పైన పెట్టాడు. కొబ్బరి చెట్లూ, నీలం నీళ్లూ, లక్షద్వీప్ అని పెద్ద అక్షరాలూ. కాకినాడలో అచ్చు వేయించాడు. మీ చెవి పూర్తిగా పోయేలోగా ఆ ఒక్కటీ అయిపోతే బాగుండుననిపించిందనీ, దీనివల్ల ఎవరికీ నష్టం లేదనుకున్నాననీ తలొంచుకుని చెప్పాడు. ఇక సెట్టు ముట్టుకోనన్నాడు.

సూర్యకళకి కోపం రాలేదు. రావాలని రైల్లో అంతసేపూ అనుకుంది. ఆ కార్డు మీద కొబ్బరి చెట్లకి ఆయన తన చేత్తో రంగులు దిద్దాడని గమనించాక అది రాలేదు.

"నష్టం ఉందండి" అంది. "ఇప్పుడు నా దగ్గర తొంభై తొమ్మిదీ నిజమే. ఇది కూడా కలిపితే రేపు నేనే ఆ పటం ముందు నిలబడి ఏది నిజమో చెప్పలేను. మీరు నాకు ఏదైనా చెయ్యాలనుకుంటే, నాకు వినపడే సాధనం ఏదైనా చెయ్యండి."

ఈ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు, భర్తకి తప్ప. సామ్యేలు మాత్రం ఏడాదిన్నరపాటు తన సెట్టు మూతేసి ఉంచాడు. హామ్ పరీక్షకి తయారయ్యేవాళ్లకి సూర్యకళ ఇంట్లో ఆదివారాలు పాఠాలు ఉండేవి. వాటికి మాత్రం వచ్చి మూల కూర్చునేవాడు, ఆవిడ రమ్మంది కాబట్టి.

ఆయన చేసిన సాధనం చూడ్డానికి ఏమంత గొప్పగా లేదు. పెద్ద స్పీకరు ఒకటి వెల్లకిలా చెక్క పెట్టెలో బిగించి, దాని కాగితం మధ్యలో చొక్కా గుండీ అంత చెక్క ముక్క అతికించాడు. ధ్వనిని బాగా కిందికి దించి, తుమ్మెద రొదలా చేశాడు. గుండీ మీద వేలు పెడితే చుక్కకి చిన్న అదురు, గీతకి పొడుగు అదురు. మొదటిసారి వేలు పెట్టినప్పుడు సూర్యకళకి ఒక్క అక్షరం కూడా తెలియలేదు. ఇరవై రెండేళ్ల సీనియరు, కొత్తగా చేరినవాళ్లలా మళ్లీ మొదటి అక్షరం నుంచి నేర్చుకోవలసి వచ్చింది. సామ్యేలు ఎదురుగా కూర్చుని కొడుతుంటే ఆవిడ కళ్లు మూసుకుని రాసుకునేది. తప్పు రాస్తే ఆయన తల అడ్డంగా ఊపేవాడు. ఎడమ చెవి పూర్తిగా నిశ్శబ్దమయ్యే నాటికి, చెవితో విన్న వేగంలో సగం వేలికి వచ్చింది.

2000 మార్చిలో శివరామకృష్ణ పేపరు పట్టుకుని వచ్చాడు. తూర్పు తిమోర్ ఇండోనేషియా నుంచి విడిపోయింది, ఐక్యరాజ్య సమితి వాళ్లు చూసుకుంటున్నారు. భార్య చూడాలని పలక మీద 'ఇది లెక్కేనా?' అని రాశాడు. సామ్యేలు అప్పటికే కనుక్కుని ఉన్నాడు. మార్చి ఒకటో తేదీ నుంచి విడి లెక్క, అంతకుముందు మాట్లాడినవి చెల్లవు.

ఏప్రిల్ మొదటి వారమంతా ఆవిడ సాయంత్రాలు సెట్టు దగ్గరే. అక్కడ పనికి వెళ్లిన ఒక అతను రోజూ ఐదింటికి వస్తున్నాడని తెలిసింది. అతన్ని పిలిచేవాళ్లు వందలమంది. వేలి కింద అన్నీ కలిసిపోయి ఒకటే వణుకు. నాలుగు రోజులు ఉత్తినే పోయింది. ఐదో రోజు ఆవిడ పిలవడం మానేసి, అతను జవాబిచ్చాక ఎంతసేపు ఆగుతున్నాడో వేలితో కొలుస్తూ కూర్చుంది. మర్నాడు, గురువారం, ఐదూ నలభైకి ఒక సందు దొరికింది. తన పేరు ఒక్కసారే వేసింది.

వేలి కింద కాసేపు ఏమీ లేదు. తర్వాత నెమ్మదిగా, ఒక్కో అక్షరం, తన పేరే తిరిగి వచ్చింది. చివర ఒక అక్షరం తప్పు. ఆవిడ మళ్లీ వేసింది. అతను సరిచేసుకుని, ధన్యవాదాలు చెప్పాడు. శివరామకృష్ణ గోడకి ఆనుకుని చూస్తున్నాడు. భార్య కాగితం మీద రాసుకున్నది ఆయనకి అర్థం కాలేదు గానీ, ఆవిడ వేలు గుండీ మీంచి తీయకుండా అలాగే ఉంచి రెండో చేత్తో కళ్లు తుడుచుకోవడం చూసి పటం దగ్గరికి నడిచాడు. సూర్యకళ వద్దంది. కార్డు రానివ్వండి, అప్పుడు గుచ్చుదాం అంది.

కార్డు ఆగస్టులో వచ్చింది. ఆ గుండుసూది గుచ్చడానికి సామర్లకోట నుంచి సామ్యేలుని పిలిపించారు. ఆయన తొందరలో మొదటిసారి సముద్రంలో గుచ్చాడు. సరిచేసి గుచ్చాక సూర్యకళ, మీరు మీ సెట్టు మూత ఎప్పుడు తీస్తారని అడిగింది. జవాబు తనకి వినపడదు కాబట్టి పలక ఆయన చేతికి ఇచ్చింది. 'ఈ ఆదివారం' అని రాశాడు.

సూర్యకళ 2007 దాకా రేడియో మీద ఉంది. చివరికి నూట పద్దెనిమిది లెక్క తేలింది. అందులో పంతొమ్మిది వేలితో విన్నవి. లక్షద్వీప్ నుంచి నిజంగానే ఒక బృందం మాట్లాడిన వారంలో ఆవిడకి జ్వరం, మంచం మీద ఉంది. దానికి పెద్దగా బాధపడలేదు. ఆదివారం పాఠాల్లో ఒకమ్మాయి అది దొరికించుకుందని తెలిసి, ఆ అమ్మాయిని ఇంటికి పిలిచి, అవతలివాళ్లు ఎలా కొట్టారో తన అరచేతి మీద కొట్టి చూపించమంది.