ఆగస్టు ఎండలో బాప్తిస్మం

ఆగస్టు నెలలో, మిట్టమధ్యాహ్నం, బహ్రెయిన్ కుళాయి నీళ్ళలో బాప్తిస్మం పెట్టుకునే తెలివైనవాళ్ళు ఎక్కడైనా ఉంటారా? ఉన్నారు. మేమే.

ఉమ్మ్ అల్ హస్సామ్‌లో ఒక ఇంట్లో మంచం పట్టిన పెద్దావిడను చూసుకునే పని నాది. స్నానం చేయించడం, అన్నం తినిపించడం, తిట్లు తినడం అన్నీ నావే. ఆవిడ అరబ్బీలో తిట్టేది, నేను గోదావరి యాసలో తిట్టేదాన్ని. ఒకరి మాట ఒకరికి అర్థం కాక ఇద్దరం సుఖంగా ఉన్నాం. ఆ ఎండాకాలంలోనే ఆవిడ కన్నుమూసింది. కన్నతల్లి పోయినట్టే ఏడ్చాను.

పరామర్శకు వచ్చేవాళ్ళు కాస్త తగ్గాక ఆవిడ కొడుకు నన్ను పిలిచాడు. నా వీసా ఆయన పేరు మీదే, ఆయనే నా కఫీల్. "అమ్మే లేదు. ఇక నీకు పని ఏముంది? నెలాఖరుకి టికెట్ తీస్తాను, ఖలాస్," అన్నాడు. ఖలాస్ అంటే ఇంక అయిపోయిందని. మంచివాడే, మెల్లగానే చెప్పాడు. ఎంత మెల్లగా చెప్పినా ఆ మాట మెత్తబడదు.

ఇంటి దగ్గర నా కూతురు నర్సింగ్ చదువుతోంది. గోడలు లేచిన ఇల్లు శ్లాబు కోసం ఆకాశం చూస్తోంది. మా ఆయన భీమవరం దగ్గర రొయ్యల చెరువు మీద కాపలా. ఆయన జీతం వింటే రొయ్యలే నవ్వుతాయి. వీళ్ళకు ఏమని చెప్పను? ఫోన్ చేసినప్పుడల్లా బాగున్నానని చెప్పి, స్నానాల గదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చేదాన్ని.

అదే నెల ఆఖరి శుక్రవారం నా బాప్తిస్మానికి అనుకున్నారు. పెద్దావిడ పోకముందు అనుకున్న మాట అది. నిజానికి నేను ప్రభువును నమ్ముకుని ఏళ్ళయింది. నీళ్ళలో మునగడం మాత్రం వాయిదా వేస్తూ వచ్చాను. పిల్ల చదువు ఒక ఒడ్డుకు చేరాక, ఇల్లు పూర్తయ్యాక, మనసులో ఏ దిగులూ లేని రోజున తీసుకుందామనుకున్నాను. బాప్తిస్మం తీసుకుని నీళ్ళలోంచి లేచినవాళ్ళ ముఖాలు చూశాను కదా, అలా వెలగాలంటే లోపల దిగులు ఉండకూడదని నా లెక్క. పని పోయాక ఇక ఆ ఊసే వద్దనిపించింది. మా వీధి చివరి ఇంట్లో వంట చేసే పాలకొల్లు అక్క దగ్గరికి వెళ్ళి చెప్పాను. మా ప్రార్థన కూడికలో పాటలు ఎత్తుకునేది ఆవిడే.

"అక్కా, ఈసారికి వద్దులే. అన్నీ సర్దుకున్నాక చూద్దాం."

"అలలు ఆగాక సముద్ర స్నానం సేత్తానందంట నీలాంటిదే ఒకత్తి."

"ఈ ఊరి సముద్రంలో అలలే ఉండవు కదక్కా."

"నీ నోటికేం తక్కువలేదు. శుక్రారం తెల్లచీర కట్టుకునొచ్చెయ్, అంతే."

నాకు ఒళ్ళు మండింది. ఆ మంటతోనే చీర ఇస్త్రీ చేశాను.

ఇంట్లో ఇంకా వచ్చిపోయే జనం ఉన్నారు కాబట్టి ఆ రోజు సాయంత్రం నమాజు వేళకు నేను తిరిగి రావాలి, డ్రైవర్ వచ్చి తీసుకెళ్తాడు. ఆ తర్వాత టికెట్. అంటే ఆ శుక్రవారం తప్పితే బహ్రెయిన్‌లో నాకు ఇంకో శుక్రవారం లేనట్టే. ఊరికి వెళ్ళి తీసుకోవచ్చుగా అంటారేమో. వెళ్తే నేను మళ్ళీ శ్లాబు పడేదాకా ఆగుతానని నాకంటే బాగా ఎవరికి తెలుసు?

మా కూడిక నయీమ్ అనే పేటలో ఒక పాత మేడ మీద గదిలో జరుగుతుంది. పక్కనే డాబా, దాని మీద నీళ్ళ ట్యాంకు. ఇంతకుముందు అందరికీ చలికాలంలోనే బాప్తిస్మం ఇచ్చారు, నా ఒక్కదాని కోసం ఎండాకాలంలో పెట్టారు. పిల్లలు ఆడుకునే గాలితొట్టి తెచ్చి, డాబా మీద పరదా కట్టి, లోపల మేం పాటలు పాడుతుండగానే దాన్ని నింపేశారు. ఎండాకాలంలో ఈ ఊరి ట్యాంకు నీళ్ళు సలసల కాగుతాయని ఇక్కడ అడుగుపెట్టిన ప్రతివాడికీ తెలుసు. గీజరు ఆపేసి, అందులో నిలవున్న నీళ్ళే చల్లనివని వాడుకుంటాం. ఆ రోజు మాత్రం ఒక్కరికీ బుర్ర పనిచేయలేదు.

ప్రార్థన అయ్యాక ముందుగా మా పాస్టరు అయ్యగారు తొట్టిలో కాలు పెట్టారు. "ప్రభువా!" అని కేక వేసి వెనక్కి దూకారు. మేం ఆమెన్ అన్నాం. అది ప్రార్థన కాదని కాసేపటికి గానీ తెలియలేదు.

"బాప్తిస్మానికి కాదుగానీ కోడి ఈకలు పీకడానికి భేషుగ్గా పనికొత్తాయి," అంది అక్క నీళ్ళలో వేలు ముంచి.

చల్లారబెడదామంటే పైన ఎండ. అయ్యగారు కాలు రుద్దుకుంటూ, వచ్చే వారం చూద్దామన్నారు. అప్పుడు నాకు ఏడుపూ కోపమూ కలిసి తన్నుకొచ్చాయి.

"నాకు వచ్చే వారం లేదండీ అయ్యగారూ! కాలితే కాలనీండి, దిగుతాను!"

మొన్నటిదాకా వద్దు వద్దన్నదాన్ని నేనేనా అని నాకే ఆశ్చర్యమేసింది. అంతవరకూ నేను దాన్ని ఎంతగా కోరుకుంటున్నానో నాకే తెలియదు.

నా అరుపు విని కింద గదిలో ఉండే జగిత్యాల తమ్ముడు పైకొచ్చాడు. చేపల బండి నడుపుతాడు. మా దేవుడూ అతని దేవుడూ వేరైనా పండగ బిర్యానీ మాత్రం ఒక్కటే.

"ఏమైందక్కా, గట్ల ఒర్రుతున్నవ్?"

సంగతి చెప్పగానే తల కొట్టుకున్నాడు. "గల్ఫుకొచ్చి ఇన్నేండ్లాయె, ఎండల ట్యాంకి నీళ్ళు పడ్తరా ఎవలన్న? ఆగుండ్రి, బండ్ల ఐసుంది."

డబ్బాలకు డబ్బాలు మోసుకొచ్చి తొట్టిలో గుమ్మరించాడు. ఐసుతోపాటు వంజరం వాసన కూడా వచ్చింది. అక్క ముక్కు మూసుకుంటే, "చేపలు పట్టిన పేతురుగారికి ఈ వాసన అలవాటేనమ్మా," అన్నారు అయ్యగారు.

తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామమున నన్ను ముంచారు. పైన చల్లన, అడుగున వెచ్చన. లేచేసరికి జుట్టులో ఐసు ముక్క, ఒళ్ళంతా చేపల వాసన, నోటి నిండా నవ్వు. ఎక్కడినుంచి వచ్చిందో ఆ నవ్వు, ఆగదే! దిగులు ఎక్కడికీ పోలేదు, నాతోపాటే మునిగి నాతోపాటే లేచింది. అది ఉండగానే సంతోషం వచ్చేసింది. ఇన్నేళ్ళూ నా లెక్క తప్పని అప్పుడు తెలిసింది. అక్క పాట ఎత్తుకుంది, ఎవరో కంజిర అందుకున్నారు. జగిత్యాల తమ్ముడు ఖాళీ ఐసు డబ్బా మీద దరువేశాడు.

తడి చీర మార్చుకుని, కారు వచ్చేలోపు మెట్ల మీద కూర్చుని మా ఆయనకు ఫోన్ చేశాను. ఆదివారాలు నన్ను గుడి దగ్గర దింపి, తను బయట బీడీ కాల్చుకునే మనిషి.

"ఏవండీ, నాకు బాప్తిస్మం అయ్యింది. నా పని పోయింది. నెలాఖరుకి వచ్చేత్తన్నాను," అన్నాను గుక్క తిప్పుకోకుండా.

"ఏడుత్తన్నావేంటే?"

"లేదండీ, నవ్వుతున్నాను."

"మరి పిల్ల సదువో?"

"తెలీదండీ."

"శ్లాబో?"

"అదీ తెలీదండీ." ఎంత ఆపుకున్నా నవ్వు ఆగలేదు. అవతల చెరువులో మోటారు కట్టేసినట్టున్నాడు, చప్పుడు ఆగింది. తర్వాత ఆయన కూడా నవ్వాడు.

"సరే, వచ్చెయ్. సబ్బులూ సెంట్లూ ఏం తేకు. ఆ నవ్వొకటి జాగర్తగా పట్టుకొచ్చెయ్."

నెలాఖరున ముహర్రక్ విమానాశ్రయంలో జనమంతా తాళ్ళు బిగించిన అట్టపెట్టెలు తోసుకుంటూ నిలబడ్డారు. నా చేతిలో ఒకే ఒక్క సంచి. కౌంటర్లో మనిషి నన్నూ సంచినీ మార్చి మార్చి చూసి, సామాన్ ఇంతేనా అని అడిగాడు. ఇంతే భాయ్ అన్నాను, నవ్వుతూ.