మడమ చప్పుడు

పాడైన వీడియోలు బాగుచేసే ఒబ్దూలియా, ఒకటి చేతికి రాగానే చెప్పులు విప్పి, చింతపండు బిళ్ల బుగ్గన పెట్టుకుంటుంది. తెర మీద మొహాల వంక చూడదు, బొమ్మకూ పాటకూ జత కుదర్చడానికి మడమలు వెతుకుతుంది. వాళ్ల ఊరు త్లకోతాల్పన్‌లో ఆడవాళ్లు పండగనాడు చెక్క వేదికెక్కి, ఎదురెదురుగా నిలబడి గిటార్ల లయకు మడమలతో దరువేస్తారు. "పెదవులు మోసం చేస్తాయి గానీ మడమ చెయ్యదు," అంటుంది. బొమ్మ గళ్లుగళ్లుగా చెదిరిన చోట ముక్కు చిట్లించి, వట్టి కాలితో నేలమీద ఆ దరువే వేసి చూసుకుంటుంది.

నిన్న నికొలాసా అవ్వ, నిరుటి పండగలో ఆమెకు ఎదురుగా ఆడిన ఎపిఫానియా, ఇద్దరూ ఆనాటి వీడియో తెచ్చి కూర్చున్నారు. వీడియోలో అవ్వ కాలు పాటకన్నా ముందే పడుతోంది.

"లయ తప్పావు వదినా. ఈ ఏడు వేదిక ఎక్కకు, నలుగురూ నవ్వుతారు," అంది ఎపిఫానియా.

మధ్యలో కొంత బొమ్మ ఎగిరిపోయింది, పాట మాత్రం మిగిలింది. అందుకే పాట వెనకబడింది. ఒబ్దూలియా ముందూ వెనకా ఉన్న బొమ్మలతో ఆ ఖాళీ పూడ్చి, మళ్లీ మొదటినుంచీ నడిపింది. సరిగ్గా లయ మీద అవ్వ మడమ పడింది, చెక్క టక్కున మోగింది. ప్రతి అడుగూ అంతే. కాస్త ఆగి, ఆలస్యంగా ఇంకో మడమ పడింది. అది ఎపిఫానియాది! పాట వెనకబడి నడిచినంతసేపూ ఆ ఆలస్యపు కాలే సరిగ్గా కనబడిందన్నమాట.

ఎపిఫానియా కిటికీలోంచి నదిని చూడసాగింది.

"ఇంకోసారి వెయ్యవే అమ్మాయ్," అంది అవ్వ, కుర్చీ కింద మడమ ఆడిస్తూ. "వదినగారు అటు చూస్తున్నారు."

ఒబ్దూలియా ఈసారి శబ్దం పెంచి పెట్టింది.